ముందుంది ముసళ్ల పండగ: ఇంగ్లీషు 'ఇన్ ఫర్' వాడకంపై తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున గుంటూరు బ్రాడీపేటలో ఒక బ్యాచ్, సాయంత్రం బెజవాడ గవర్నర్‌పేటలో ఇంకో బ్యాచ్. ఏళ్ల తరబడి స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను. ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ దగ్గర కూడా ఇన్ని సందేహాలు రావు గానీ, 'ఇన్ ఫర్' అనే ఈ రెండు ముక్కల దగ్గర ప్రతి బ్యాచ్ ఆగిపోతుంది. విడివిడిగా రెండూ ఒకటో తరగతి మాటలే. కలిశాయంటే డిగ్రీ చదివినవాళ్లు కూడా తెల్లమొహం వేస్తారు. పిల్లలు అడిగినవి అడిగినట్టే రాసి, క్లాసులో నేను చెప్పే జవాబులు కింద పెడుతున్నాను.

'ఇన్ ఫర్' అంటే అసలేంటి మేడం?

ఒక మనిషికి ఏదో జరగబోతోంది. అది తప్పదు. ఆ సంగతి చెప్పేవాడికి తెలుసు. అనుభవించబోయేవాడికి ఇంకా తెలీదు, తెలిసినా సగమే తెలుసు. అప్పుడు వచ్చే మాట ఇది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మావారి స్నేహితుడొకాయన ఢిల్లీ నుంచి వస్తే భోజనానికి కూర్చోబెట్టాం. పండుమిరపకాయ పచ్చడి చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. వాళ్ల వైపు చట్నీలాంటిదే అనుకున్నాడు కాబోలు, నిమ్మకాయంత ముద్ద తీసి అన్నం మధ్యలో పెట్టుకున్నాడు. మా అత్తయ్యగారు ఆ ముద్ద వంకా, ఆయన మొహం వంకా ఒకసారి చూశారు. ఏమీ అనలేదు. లేచి వెళ్లి నెయ్యి గిన్నె, పెరుగు గిన్నె తెచ్చి కంచం పక్కన పెట్టారు. ఆయన ఇంకా మొదటి ముద్ద కలుపుతూనే ఉన్నాడు. మావారు నా చెవిలో అన్నారు: "హి డజంట్ నో వాట్ హి ఈజ్ ఇన్ ఫర్." తనకేం మూడబోతోందో పాపం ఆయనకు తెలీదని.

నెయ్యి గిన్నె వచ్చిన క్షణానికీ, ముద్ద నోట్లోకి వెళ్లిన క్షణానికీ మధ్య కాస్త సందుంది చూశారూ, 'ఇన్ ఫర్' కాపురం ఆ సందులోనే. ఆ తర్వాత జరిగినదానికి వేరే మాటలున్నాయి, అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఉందా?

ఒకటి కాదు, బోలెడున్నాయి. అందుకే అసలు చిక్కు.

కష్టమే రాబోతుంటే 'ముందుంది ముసళ్ల పండగ'. దీనికి మించినది లేదు. మా అమ్మమ్మ ఈ మాట పెళ్లి చూపుల దగ్గర్నుంచి టెన్త్ క్లాస్ ఫలితాల దాకా దేనికైనా వాడేది. పెళ్లయి ఆర్నెల్లయినా కాని కోడలు "మా అత్తగారు చాలా మంచివారండీ" అని మురిసిపోతుంటే, అమ్మమ్మ తమలపాకు ఈనె తీస్తూ "ఊఁ... ముందుంది" అని ఊరుకునేది. ముసళ్లను అవతలివాళ్లే ఊహించుకోవాలి.

తిట్లో దెబ్బలో పడబోతుంటే 'ఉంది నీకివాళ', 'మూడిందిరా నీకు', 'ఇంటికి రా చెప్తా'. మంచి జరగబోతుంటే 'చూస్తావుగా', 'తిని చెప్పు', 'అదిరిపోతావ్'. ఎదురుచూపో శ్రమో అయితే 'ఇవాళ్టికి ఇంతే సంగతులు'.

ఇన్ని పనులనీ ఇంగ్లీషు ఈ రెండు ముక్కలతోనే లాగిస్తుంది. తర్వాత ఏ నామవాచకం తగిలిస్తే ఆ రంగు పడుతుంది. కాబట్టి 'ఇన్ ఫర్'కి తెలుగు అర్థం ఇదీ అని నోట్సులో ఒక గీత గీసి రాసుకోవద్దు. వాక్యం మొత్తం విని, ఆ సందర్భంలో మనింట్లో ఏమంటారో అది అనుకోండి.

"ఎ సర్‌ప్రైజ్ ఈజ్ ఇన్ ఫర్ యు" అని రాస్తే మీరు కొట్టేశారు. ఎందుకు?

పదిమందిలో ఎనిమిదిమంది చేసే తప్పిది. దీని వెనకున్నది తెలివితక్కువతనం కాదు, తెలుగుతనం.

మన భాషలో అనుభవం మనిషి దగ్గరికి వస్తుంది. నాకు ఆకలేస్తోంది. నాకు జ్వరమొచ్చింది. నీకు భయమేసిందా? ఆకలి, జ్వరం, భయం ఇవే కర్తలు. మనం 'కి', 'కు' తగిలించుకుని ఓ పక్కన కూర్చుంటాం. అలాగే 'నీకుంది' అంటాం. ఉన్నది ఆ రాబోయే ముప్పు. అది నీకు. ఇంగ్లీషులో మనిషే కర్త. ఆకలి వాడికి వేయదు, వాడే ఆకలిగా ఉంటాడు. ఇక్కడా అంతే. సర్‌ప్రైజ్ వాడి దగ్గరికి రావడం కాదు, వాడే దానిలోకి వెళ్లి కూర్చున్నట్టు చెబుతారు. కాబట్టి వాక్యం మనిషితో మొదలవ్వాలి: "యు ఆర్ ఇన్ ఫర్ ఎ సర్‌ప్రైజ్."

అనుభవంతోనే వాక్యం మొదలుపెట్టాలని మీ తెలుగు మనసు మొరాయిస్తోందా? దానికీ దారుంది. 'ఇన్ స్టోర్ ఫర్' వాడండి. "ఎ సర్‌ప్రైజ్ ఈజ్ ఇన్ స్టోర్ ఫర్ యు." నీ కోసం ఒక ఆశ్చర్యం దాచిపెట్టి ఉంది అని. ఇది మన వాక్యపు వరసకు దగ్గర. మధ్యలో 'స్టోర్' పడిపోతే మాత్రం తప్పు.

వాక్యం కట్టే పద్ధతి చెప్పండి.

మనిషి, తర్వాత యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్‌లలో తగినది, తర్వాత 'ఇన్ ఫర్', ఆ తర్వాత నామవాచకం. అంతే.

నామవాచకం అన్నాను, క్రియ అనలేదు. "ఐ యామ్ ఇన్ ఫర్ టు వెయిట్" కుదరదు. "ఐ యామ్ ఇన్ ఫర్ ఎ లాంగ్ వెయిట్" అనాలి. "వి ఆర్ ఇన్ ఫర్ ఫైటింగ్" చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, "వి ఆర్ ఇన్ ఫర్ ఎ ఫైట్" చాలు. లెక్కపెట్టగలిగే నామవాచకం ముందు 'ఎ' మర్చిపోకూడదు. ట్రబుల్, రెయిన్ లాంటివాటికి అక్కర్లేదు.

'ఆర్ బీయింగ్ ఇన్ ఫర్' అనేది లేదు. మనవాళ్లకు 'ఇంగ్' మీద మమకారం ఎక్కువ. "ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్" అన్నట్టు దీనికీ తగిలిస్తారు. దయచేసి వద్దు.

జరగబోయేది కదా, 'విల్' వాడాలా అని కూడా అడుగుతారు. ఖాయంగా జరగబోయేదానికి 'ఆర్' చాలు. షరతుంటే 'విల్ బి' వస్తుంది. "ఇఫ్ యు గో టు రెంటచింతల ఇన్ మే, యు విల్ బి ఇన్ ఫర్ ఎ షాక్." వెళ్తే కదా షాక్. టికెట్ కొనేసి బస్సెక్కి కూర్చున్నవాడితో మాత్రం "యు ఆర్ ఇన్ ఫర్ ఎ షాక్" అనొచ్చు. వాడికి షరతు దాటిపోయింది.

ఇది మంచికి వాడాలా, చెడుకా?

రెండింటికీ. అయితే మొగ్గు చెడువైపే. షాక్, డిసప్పాయింట్‌మెంట్, ట్రబుల్, రఫ్ రైడ్, లాంగ్ నైట్, రూడ్ అవేకెనింగ్, ఇవన్నీ ఆ వైపువే. మంచివైపు గట్టిగా నిలిచేది 'ట్రీట్'. సర్‌ప్రైజ్ గోడమీద పిల్లి, చెప్పేవాడి గొంతును బట్టి ఎటైనా దూకుతుంది.

'రూడ్ అవేకెనింగ్' దగ్గర ఒక మాట. మొరటు మేలుకొలుపు అని అనువాదం చేసుకున్న అబ్బాయి ఒకడున్నాడు. తిరుమలలో సుప్రభాతం గట్టిగా పెట్టారనుకున్నాడట. అది కాదు. ఏదో భ్రమలో ఉన్నవాడికి ఒక్కసారిగా నిజం తెలిసి దిమ్మ తిరగడం. ఇంటర్‌లో మార్కులు ఇట్టే వచ్చేశాయి, ఇంజనీరింగ్ కూడా ఇంతేలే అనుకునేవాడి గురించి "హి ఈజ్ ఇన్ ఫర్ ఎ రూడ్ అవేకెనింగ్" అనొచ్చు. మొదటి సెమిస్టర్‌లో వాడికి మత్తు దిగుతుంది.

'ట్రీట్' అంటే పార్టీ కదా?

మన ఊళ్లో, అవును. ఉద్యోగమొస్తే ట్రీట్, బండి కొంటే ట్రీట్, పెళ్లి కుదిరితే ట్రీట్. ఒకడు డబ్బులు కట్టాలి, మిగతావాళ్లు తినాలి. ఇంగ్లీషువాళ్లకూ ఆ అర్థం ఉంది గానీ, 'ఇన్ ఫర్ ఎ ట్రీట్' అన్నప్పుడు డబ్బు ప్రసక్తే లేదు. నీకు మంచి అనుభవం దొరకబోతోంది, హాయిగా ఆస్వాదిస్తావు అని మాత్రమే.

మా పాత విద్యార్థి ఒకడు, కొత్తపేట కుర్రాడు, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఒకరోజు వాళ్ల అమెరికా మేనేజరు మీటింగులో "రేపు కొత్త డిజైన్ చూపిస్తాను, యు ఆర్ ఆల్ ఇన్ ఫర్ ఎ ట్రీట్" అన్నాడట. మనవాడు ఆ సాయంత్రమే గ్రూపులో మెసేజ్ పెట్టాడు: రేపు సార్ ట్రీట్, ఎవరెవరికి చికెన్, ఎవరెవరికి మటన్ చెప్పండి. రాత్రికల్లా తొమ్మిది చికెన్, నాలుగు మటన్, ఒక పనీర్ తేలాయి. మర్నాడు ఆయన నలభై నిమిషాలు స్లైడ్లు చూపించి, థాంక్యూ చెప్పి వెళ్లిపోయాడు. ఆ పనీర్ అమ్మాయి ఇప్పటికీ వీణ్ని 'ట్రీట్' అనే పిలుస్తుందట.

సరైన వాడకం కావాలంటే ఇదిగో. దుర్గగుడి మెట్లెక్కి మొదటిసారి పైనుంచి కృష్ణనూ, ప్రకాశం బ్యారేజీనీ చూడబోయే బంధువుతో, "ఇఫ్ యు హావ్ నెవర్ సీన్ ద రివర్ ఫ్రమ్ ఇంద్రకీలాద్రి, యు ఆర్ ఇన్ ఫర్ ఎ ట్రీట్." రూపాయి ఖర్చు లేదు, మెట్ల ఆయాసం తప్ప.

మనిషికే వాడాలా? ఊరికి, వాతావరణానికి వాడకూడదా?

ఊరికి నిక్షేపంగా వాడొచ్చు. ఊరంటే మనుషులే కదా. పేపర్లలో ఎక్కువగా కనబడేది ఇదే. "విజయవాడ ఈజ్ ఇన్ ఫర్ అనదర్ హాట్ వీక్." రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, బెజవాడను బ్లేజ్‌వాడ అని ఎగతాళి చేస్తారు, అలాంటి మే నెలాఖరుకు ఈ వాక్యం ఏటా అక్కరకొస్తుంది. కృష్ణా పుష్కరాలు పన్నెండేళ్లకోసారి. క్రితంసారి 2016లో వచ్చాయి, మళ్లీ 2028లో. "ఇన్ 2028, ద సిటీ ఈజ్ ఇన్ ఫర్ హ్యూజ్ క్రౌడ్స్" అని ఇప్పుడే రాసేసుకోవచ్చు. కంపెనీలకూ అంతే, "ఇన్వెస్టర్స్ ఆర్ ఇన్ ఫర్ ఎ రఫ్ రైడ్" అని బిజినెస్ పేజీలో తరచూ ఉంటుంది.

"వి ఆర్ ఇన్ ఫర్ సమ్ రెయిన్" అంటే వాన పడేలా ఉంది అని. మబ్బు పట్టినప్పుడు మనం ఆకాశం చూసి అనే మాటే.

గడిచినదానికి వాడాలంటే 'వాజ్', 'వర్'. దీనికి నేను క్లాసులో ఒకే ఉదాహరణ చెబుతాను, చెప్పినప్పుడల్లా క్లాసు కాసేపు నిశ్శబ్దమవుతుంది. 2024 ఆగస్టు 31న బెజవాడలో వాన పడుతుంటే, వాన కదా అనుకున్నాం అందరం. మర్నాటికి బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ నీళ్లలో ఉంది. ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద. "దట్ సాటర్‌డే నైట్, నో వన్ ఇన్ సింగ్‌నగర్ న్యూ వాట్ దే వర్ ఇన్ ఫర్." మా సాయంత్రం బ్యాచ్‌లో అక్కడి పిల్లలు నలుగురున్నారు. పుస్తకాలు పోయాయి, సర్టిఫికెట్లు తడిసి ముద్దయ్యాయి. ఈ వాక్యం వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

'అబౌట్ టు', 'గోయింగ్ టు' ఉన్నాయిగా, ఇదెందుకు?

అవి వార్త చెబుతాయి. ఇది వార్తతోపాటు చెప్పేవాడి మొహం కూడా చూపిస్తుంది. "యు ఆర్ గోయింగ్ టు వెయిట్ ఫర్ త్రీ అవర్స్" అంటే సమాచారం. "యు ఆర్ ఇన్ ఫర్ ఎ లాంగ్ వెయిట్" అంటే, నాయనా, ఆ క్యూ సంగతి నాకు తెలుసు, నువ్వు కొత్త. సంక్రాంతికి ముందు హైదరాబాద్ నుంచి కార్లో బయల్దేరుతున్న తమ్ముడు "నాలుగు గంటల్లో ఇంట్లో ఉంటానక్కా" అంటాడు. పంతంగి టోల్‌ప్లాజా మాట వాడి లెక్కలో లేదు. అప్పుడు కావలసింది 'గోయింగ్ టు' కాదు.

ఇంకో తేడా కూడా ఉంది. 'అబౌట్ టు' అంటే ఇప్పుడే, ఈ నిమిషంలోనే. 'ఇన్ ఫర్'కి అంత తొందర లేదు. రేపైనా కావచ్చు, వచ్చే ఏడాదైనా కావచ్చు.

"యు ఆర్ ఇన్ ఫర్ ఇట్" లో ఆ 'ఇట్' ఏంటి?

ఏమీ కాదు. 'ఉంది నీకు' అన్నప్పుడు ఏముందో మనం చెబుతామా? అదే ఈ 'ఇట్'. అంటే తన్నులు, తిట్లు, శిక్ష. అద్దం పగిలింది, నాన్న బండి చప్పుడు సందు మొదట్లో వినిపించింది, అక్క తమ్ముడితో మెల్లగా అంటుంది: "నౌ యు ఆర్ ఇన్ ఫర్ ఇట్." మంచికి ఈ రూపం వాడరు. ఇందులో నేనే ఒకసారి బోల్తాపడ్డాను, ఆ కథ కింద వస్తుంది.

"వాట్ ఆర్ యు ఇన్ ఫర్?" అని అడగొచ్చా?

జైల్లో ఉంటే అడగొచ్చు. రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఒక ఖైదీ పక్కవాణ్ని ఇంగ్లీషులో "ఏం కేసు మీద వచ్చావ్?" అని అడగాలంటే ఇదే ప్రశ్న. "హి ఈజ్ ఇన్ ఫర్ థెఫ్ట్" అంటే దొంగతనం కేసులో లోపలున్నాడు అని, దొంగతనం జరగబోతోందని కాదు. ఆసుపత్రిలో చేరినవాళ్లకూ చెల్లుతుంది, "షి ఈజ్ ఇన్ ఫర్ ఎ సర్జరీ." రిపేరుకిచ్చిన బండికీ అంతే: "మై కార్ ఈజ్ ఇన్ ఫర్ సర్వీస్" అంటే కారు ఆటోనగర్‌లో షెడ్డులో ఉంది. ఇక్కడ 'ఇన్'కు నిజంగానే లోపల అని అర్థం.

రాబోయే అనుభవం గురించే అయితే ప్రశ్న లోపలికి మడతపడి ఉంటుంది: "డు యు నో వాట్ యు ఆర్ ఇన్ ఫర్?" చూడండి, 'వాట్' తర్వాత 'యు ఆర్', 'ఆర్ యు' కాదు. వాక్యం 'ఫర్'తో ముగిసిందేంటి, తర్వాత ఏదో మిస్సయింది అనుకుని చాలామంది చివర 'ఇట్' అతికిస్తారు. అతికించకండి, ఆ ఖాళీని ముందే వచ్చిన 'వాట్' పూరించింది.

ఆఫీసు గ్రూపులో "హూ ఈజ్ ఇన్ ఫర్ బిర్యానీ?" అని పెట్టారు. బిర్యానీ మీదపడబోతోందా?

లేదు, భయపడకండి. ఎవరెవరు కలుస్తారు, ఎవరికి చెప్పమంటారు అని. "ఐ యామ్ ఇన్" అంటే నేనూ వస్తా. రూపం ఒకటే, పని వేరు. సందర్భమే చెబుతుంది.

'లెట్ మైసెల్ఫ్ ఇన్ ఫర్' అంటే?

కోరి కొరివితో తల గోక్కోవడం. ముప్పు దానంతటది రాలేదు, మనమే తలుపు తీసి లోపలికి వెళ్లాం. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగా ఉంటానని ఒకసారి చెయ్యెత్తాను. ఆ మర్నాడు పొద్దున ఆరింటికి లిఫ్ట్ ఆగిపోయిందని తలుపు కొట్టారు. ఏడింటికి మోటారు. ఎనిమిదింటికి పై ఫ్లాటువాళ్ల కుండీ నీళ్లు కింద ఫ్లాటువాళ్ల అప్పడాల మీద. "వాట్ హావ్ ఐ లెట్ మైసెల్ఫ్ ఇన్ ఫర్!" నాయనో, ఎక్కడ ఇరుక్కున్నానురా అని.

'లెట్' మూడు కాలాల్లోనూ లెట్టే, మారదు. మనిషిని బట్టి మైసెల్ఫ్, యువర్‌సెల్ఫ్, హిమ్‌సెల్ఫ్ మారతాయి.

"మా లెక్చరర్ హాజ్ ఇట్ ఇన్ ఫర్ మి" అని మా ఫ్రెండ్ అన్నాడు. అదీ ఇదేనా?

కాదు. అది కక్ష. 'హావ్ ఇట్ ఇన్ ఫర్' అంటే ఒకరిమీద పగబట్టి, దొరికితే చాలు ఇబ్బంది పెట్టాలని చూడటం. లెక్చరర్ నామీద పగబట్టాడు అని మీ ఫ్రెండ్ బాధ. అటెండెన్స్ ఎంతుందో కూడా ఒకసారి అడగండి.

ఈ కుటుంబంలోనే 'కమ్ ఇన్ ఫర్ క్రిటిసిజమ్' అంటే విమర్శలపాలవడం, 'పుట్ ఇన్ ఫర్ ఎ ట్రాన్స్‌ఫర్' అంటే బదిలీకి దరఖాస్తు పెట్టుకోవడం, 'ఫిల్ ఇన్ ఫర్' అంటే ఒకరి బదులు పనిచేయడం. వీటిలో రాబోయే అనుభవం సంగతి లేదు. కలిపి నేర్చుకుంటే కలగాపులగమవుతుంది, వేరే రోజు పెట్టుకోండి.

"ఇన్ ఫర్ ఎ పెన్నీ, ఇన్ ఫర్ ఎ పౌండ్" సామెత కదా, దాన్ని ఎక్కడ వాడాలి?

ఇది నాకు ఇష్టమైనది. మొదలుపెట్టాం, ఇక ఎంత ఖర్చయినా, ఎంత కష్టమైనా చివరిదాకా వెళ్లాల్సిందే అని. 17వ శతాబ్దం చివరికే ఇంగ్లండులో వాడుకలో ఉంది. పెన్నీ అంటే వాళ్ల పైసా. 1971 ఫిబ్రవరిలో దశాంశ పద్ధతి వచ్చేదాకా పౌండుకు 240 పెన్నీలు, ఇప్పుడు 100. అంటే ఈ సామెత పుట్టిన రోజుల్లో పెన్నీకి దిగినవాడు దానికి 240 రెట్లకు సిద్ధపడాలన్నమాట. డాలర్లు వాడే అమెరికావాళ్లు కూడా ఈ సామెతలో పౌండునే ఉంచుకున్నారు.

మనకు 'రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవడమెందుకు' ఉంది. ఒక్క తేడా గమనించండి. ఇంగ్లీషువాడు డబ్బు లెక్కలో చెబితే మనవాడు వంటింటి రోట్లో తల పెట్టాడు. భావం ఒకటే గానీ, మనది కాస్త ఎక్కువ నొప్పి.

వాడకం ఇలా. ఇంటికి సున్నమేయించాలని మొదలుపెట్టారు. పెచ్చులూడిన గోడ బయటపడింది. గోడ కొడితే లోపలి పైపు తుప్పు. మేస్త్రి మీ మొహం చూస్తున్నాడు. ఊపిరి ఒకసారి బలంగా పీల్చి "ఇన్ ఫర్ ఎ పెన్నీ, ఇన్ ఫర్ ఎ పౌండ్, కొట్టెయ్" అనండి.

ఆఫీసు మెయిల్లో, పరీక్షల్లో వాడొచ్చా?

'ఇన్ ఫర్ ఎ సర్‌ప్రైజ్', 'ఇన్ ఫర్ ఎ లాంగ్ వెయిట్' లాంటివి మామూలు మాటలే, పేపర్లలోనూ వస్తాయి. స్నేహంగా రాసే మెయిల్లో తప్పు లేదు. క్లయింటుకి పంపే ఒప్పందంలోనో, అధికారిక లేఖలోనో వద్దు. 'ఇన్ ఫర్ ఇట్' మాత్రం సమానుల మధ్యే, అదీ సరదాకి. పెద్దవాళ్లతో అంటే బెదిరించినట్టుంటుంది.

అనుభవంతో చెబుతున్నా. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక స్కూల్లో వార్షికోత్సవం. పిల్లలతో మంచి నాటిక వేయించాను. సాయంత్రం ప్రిన్సిపాల్‌గారు ఎదురైతే, సంబరం పట్టలేక "సర్, యు ఆర్ ఇన్ ఫర్ ఇట్ టుడే!" అన్నాను. మీకివాళ మంచి వినోదం అనుకున్నాను నేను. ఆయన నవ్వు ఆగిపోయింది. "వాట్ హావ్ ఐ డన్, మేడం?" అన్నారు. నాటిక మొత్తం ఆయన మొహం చూడలేక తెర వెనకే ఉండిపోయాను.

ఐఈఎల్‌టీఎస్‌కి వెళ్లేవాళ్లు ఎక్కువగా అడుగుతారు. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మార్కులేసేటప్పుడు పదసంపదను విడిగా చూస్తారు, జాతీయాలు సహజంగా వాడగలగడం అందులో భాగమే. అందుకని లోపలికి వెళ్లేముందు పది జాతీయాలు బట్టీపట్టి, అడిగిన ప్రశ్నతో పనిలేకుండా కుమ్మరించేవాళ్లున్నారు. మీ ఊరి గురించి చెప్పమంటే "విజిటర్స్ హూ కమ్ ఇన్ సమ్మర్ ఆర్ ఇన్ ఫర్ ఎ షాక్" అని ఒక్కటి, సరైన చోట పడితే చాలు.

ఇలాంటి అర్థమే వచ్చే వేరే మాటలు?

'ఇన్ స్టోర్' చెప్పాను. 'ఆన్ ద కార్డ్స్' అంటే జరిగే అవకాశముంది అని. బ్రిటన్‌లో ఆన్, అమెరికాలో ఇన్. 'అరౌండ్ ద కార్నర్' అంటే దగ్గరపడింది. ఇక 'ఇన్ ది ఆఫింగ్'. ఇది ఓడలవాళ్ల మాట. ఒడ్డున నిలబడి చూస్తే లంగరు వేసే చోటుకి అవతల కనిపించే దూరపు సముద్రం ఆఫింగ్. అక్కడ ఓడ కనబడిందంటే కాసేపట్లో రేవుకొస్తుందని లెక్క. బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డున ఎప్పుడైనా నిలబడితే ఈ మాట గుర్తుచేసుకోండి, మళ్లీ మర్చిపోరు.

మా వాక్యాలు దిద్దుతారా?

దిద్దుతాను. పోయినవారం వచ్చినవాటిలో కొన్ని.

"మిర్చి యార్డ్ ఈజ్ ఇన్ ఫర్ సమ్మర్ హాలిడేస్." వ్యాకరణం సరే, అర్థమే తేడా. యార్డు ఎండాకాలంలో సెలవులిస్తుంది, తను అనుభవించదు. రైతు సంగతి చెప్పండి: సెలవులని తెలియక లారీ కట్టించుకుని వచ్చిన రైతు "ఈజ్ ఇన్ ఫర్ ఎ డిసప్పాయింట్‌మెంట్".

"మై సిస్టర్ ఈజ్ ఇన్ ఫర్ మ్యారేజ్." పెళ్లి కుదిరిందని చెప్పాలనుకుంది ఆ అమ్మాయి. వినేవాళ్లకి మాత్రం అక్కకు ముసళ్ల పండగ ముందుందని వినబడుతుంది. "ఈజ్ గెటింగ్ మ్యారీడ్" అను తల్లీ.

"యు ఆర్ ఇన్ టు ఎ ట్రీట్." 'టు' కాదు, 'ఫర్'.

ఇంకొకటి కాగితం మీద రాలేదు. మొన్న గవర్నర్‌పేట క్లాసుకి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను, చేతిలో ఈ ప్రశ్నల కట్ట మొత్తం ఉంది. బోర్డు మీద ఎవరో అప్పటికే రాసిపెట్టారు: "ఫ్రెండ్స్, వి ఆర్ ఇన్ ఫర్ ఎ లాంగ్ క్లాస్." వెతికి చూశాను, ఒక్క తప్పు లేదు. చెరపకుండా పక్కన టిక్ పెట్టి పాఠం మొదలుపెట్టాను.